రాయచూరు ఎండల్లో హీటరు

బాళగనూరు క్యాంపు
జనవరి నెలాఖరు

సూగురేశ్ అన్నయ్యకు,

శివపార్వతి నమస్కరించి రాస్తున్నది. మీకు ఫోన్ చేస్తే మీ కోడలు స్ఫూర్తి ఎత్తింది. మామయ్యకు చెవులు పూర్తిగా పోయాయని, ఫోనులో అక్షరాలు కంటికి ఆనవని, కాగితం మీద పెద్దగా రాసి పంపితే చదువుకుంటారని చెప్పింది. కరెంటు ఫ్యాక్టరీ షెడ్డులో అన్నేళ్లు ఇంజన్ల మోతలో పనిచేస్తే చెవులు మాత్రం ఏం నిలుస్తాయి. అందుకే ఈ ఉత్తరం. పెళ్లయ్యాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలేమో, వంకరటింకరగా ఉంటే నవ్వకండి.

మీ స్నేహితుడు, మా ఆయన సంగతి మీకు కొంత తెలుసు. ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. సింధనూరులో ఖాళీ దొరక్క, వారానికి రెండుసార్లు రాయచూరు తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించుకొస్తున్నాం. మన పాత మిలిటరీ బండిలోనే, నేనే నడుపుతున్నాను. ట్రాక్టరు తిప్పిన చేయి కాబట్టి అదో లెక్క కాదు. కష్టమంతా తిరుగు ప్రయాణంలో. మిషను మీద నుంచి లేచిన మనిషికి చలి పట్టుకుంటుంది. బయట ఎండ మండుతున్నా పళ్లు కొట్టుకుంటాయి. రెండు దుప్పట్లు కప్పినా ఆ వణుకు ఆగదు.

మా అమ్మాయి సాహితి ఒకసారి అద్దె కారు పంపింది. అద్దాలు మూసి వేడి పెట్టమంటే, సగం దారిలో డ్రైవరు బండి ఆపి చొక్కా విప్పి పిండుకున్నాడు. "అమ్మా, నాతోని కాదు, ఊపిరి ఆడ్తలేదు" అన్నాడు. మళ్లీ రాలేదు. అతన్ని ఏమనగలం.

మన బండిలో హీటరు ఉంది కదా, అందరూ ఎగతాళి చేసేవాళ్లు. ఇప్పుడదే మాకు దిక్కు. నేను తలకి తడి తువ్వాలు చుట్టుకుని నడుపుతాను. ఆయన పాదాల మీదికి వెచ్చటి గాలి తగలగానే వణుకు తగ్గి, కల్మల ఊరు దాటేసరికి నిద్రపోతారు.

ఇప్పుడా హీటరే కారుతోంది. ఆయన కాళ్ల కింద పట్టా తడిసిపోతోంది. బండి నిండా పాకం వాసన, ముందు అద్దం మీద జిడ్డు ఆవిరి, ఎంత తుడిచినా పోదు. రేడియేటరులో నీళ్లు కూడా తగ్గిపోతున్నాయి. హీటరు ఆపేద్దామంటే ఆయన, "ఆ చలి నా వల్ల కాదే, ఇంట్లోనే పడుంటాను, ఇక తీసుకెళ్లకు" అంటున్నారు. వెళ్లకపోతే ఏమవుతుందో మీకు నేను రాయక్కర్లేదు. ఏం చేయమంటారో చెప్పండి.

మీ చెల్లెలు
శివపార్వతి


శక్తినగర్
ఫిబ్రవరి మొదట్లో

చెల్లె శివపార్వతికి,

సూగురేశ్ దీవెనలు. కన్నడ బడిలో చదివిన చేయి నాది. తెలుగు రాస్తుంటే నడుమ కన్నడ అక్షరం దొర్లుతుంది, సర్దుకుని చదువు.

ఆ బండిని మిలిటరీ వేలంలో మీ ఆయన రమేష్‌బాబూ నేనూ కలిసే పట్టుకొచ్చాం. మంచు కొండల్లో తిరిగిన బండి. తెచ్చిన రోజే హీటరు పీకేస్తానన్నాను. మీ ఆయన ఒప్పుకోలేదు. "ఉండనీరా, అదేమన్నా మన తిండి తింటోందా" అన్నాడు. ఆ తర్వాత మొలకల కోసం నానేసి బస్తాల్లో మండె కట్టిన వడ్లు డిసెంబరు చలికి మొలకెత్తకపోతే, ఆ బస్తాలు బండిలో పెట్టి హీటరు వేసి మొలిపించాడు. మీ క్యాంపు ఊళ్లో వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. అంతకు ముందు నవ్విన వాళ్లే మరుసటి ఏడు తమ బస్తాలు తెచ్చి వరసలో నిలబడ్డారు.

ఇక పని సంగతి. డ్యాష్‌బోర్డు వెనక రేకు పెట్టెలో చిన్న రేడియేటరు ఒకటి ఉంటుంది, హీటరు కోరు అంటారు. ఇంజనులో కాగిన నీళ్లు ఒక రబ్బరు పైపులో దానిలోకి వచ్చి, ఇంకో పైపులో తిరిగి పోతాయి. వెనకనున్న ఫ్యాను దాని మీదుగా గాలిని తోస్తుంది. ఆ కోరే చిల్లి పడింది. నువ్వు రాసిన పాకం వాసన రేడియేటరు నీళ్లలో కలిపే కూలెంటుది. దాని ఆవిరి బాబు పీల్చకూడదు. బాగయ్యే దాకా అద్దాలు దించి నడుపు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. మన దిక్కు ఏ మేస్త్రీ అయినా ఈ కారుడు చూడగానే ఆ రెండు పైపులను ఒకదానితో ఒకటి కలిపేసి, కోరు తీసి పక్కన పడేస్తాడు. వాడి తప్పు కాదు. రాయచూరులో హీటరు కావాలని అడిగిన మనిషిని వాడు పుట్టి చూసి ఉండడు. నేను కూడా ఎన్నో బండ్లకు అట్లాగే కలిపాను. నీ బండికి అట్లా కానియ్యకు. కొత్త కోరు ఏ బజారులోనూ దొరకదు. పాతది చూసి అట్లాంటిదే చేయించాలి. అది ఎంత పాడైనా సరే, దాచి నాకు పంపు.

బాబును ధైర్యంగా ఉండమను.

సూగురేశ్


బాళగనూరు క్యాంపు
ఫిబ్రవరి

అన్నయ్యకు,

మీ ఉత్తరం అందింది. కారడం ఆగిపోయింది. పట్టా తడవడం లేదు, వాసన లేదు, అద్దం శుభ్రంగా ఉంది. మీరు దిగులు పెట్టుకోకండి. ఇక్కడ నాట్లు అయిపోయాయి. మీ చెవులకు మిషను పెట్టిస్తే కొంచెం వినపడుతుందేమో, స్ఫూర్తిని కనుక్కోమనండి.

శివపార్వతి


శక్తినగర్
ఫిబ్రవరి

చెల్లెకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కారుతలేదని రాశావు, వాసన లేదని రాశావు, నా చెవుల గురించి కూడా రాశావు. బండిలో వేడి వస్తోందని మాత్రం రాయలేదు. చెవులు పోయాక మనుషులు చెప్పనిది చూడటం నాకు అలవాటైంది.

పైపులు కలిపేశారా? కోపం చేయను. ఉన్నది ఉన్నట్టు రాయి.

సూగురేశ్


బాళగనూరు క్యాంపు
ఫిబ్రవరి చివర

అన్నయ్యకు,

మీ దగ్గర దాచలేకపోయాను. మీ మొదటి ఉత్తరం వచ్చేసరికే మా మేస్త్రీ మహాంతేశ్ ఆ పని చేసేశాడు. నేను కారడం ఆపమన్నాను, అతను ఆపాడు. వేడి కావాలని విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. "ఈ ఎండల హీటరెందుకక్కా" అని నవ్వాడు. కోరు ఏదని అడిగితే, ఇత్తడి కదా అని పాత సామాన్ల వాడికి వేసేశానన్నాడు. వాడి కోసం మస్కి దాకా వెళ్లాను. అప్పటికే అది ఎక్కడికో కరిగించడానికి పోయింది.

ఆ వారం రాయచూరు నుంచి వస్తుంటే ఈయన వణుకుతూ, "పార్వతీ, వేడెయ్యవే" అన్నారు. పని చేయదని తెలిసీ మీట లాగాను. ఉత్త గాలి వచ్చింది. ఆయన నా మొహం చూసి అర్థం చేసుకున్నారు. రెండు చేతులూ నా తొడ కింద దోపుకుని కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా ఆ చేతుల వణుకు నాకు తెలుస్తూనే ఉంది. అన్నయ్యా, నన్ను రెండు తిట్టినా బాగుండేది.

తర్వాతి సారి రానని మంచం పట్టుకున్నారు. ఒక్కసారి మానేసరికే కాళ్లు వాచి, ఆయాసం వచ్చింది. సాహితి వచ్చి కాళ్లు పట్టుకుని ఏడిస్తే బయల్దేరారు. దారంతా మళ్లీ అదే చలి. ఇలా ఎన్నాళ్లు ఒప్పించగలనో నాకు తెలియదు.

కోరు లేకపోయినా దాని పెట్టె ఉంది. నేనే డ్యాష్‌బోర్డు కిందికి దూరి, జాకెట్ల టేపుతో లోపల కొలిచాను. పొడవు, వెడల్పు, పైపులు వచ్చే బొక్కల దూరం, అన్నీ బొమ్మ గీసి ఇందులో పెట్టాను. పెట్టె మూలల్లో వడ్లగింజలు దొరికాయి, ఎండి నల్లబడి ఉన్నాయి. ఏ ఏటివో. ఆయనకు చూపిస్తే అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు.

దీంతో ఏమైనా చేయగలరా?

శివపార్వతి


శక్తినగర్
మార్చి

చెల్లెకు,

చేయగలం. నీ బొమ్మ తీసుకుని రాయచూరులో రేడియేటర్లు అతికే దుకాణానికి పోయాను. అతను మొదట నా చెవులే కాదు, మతి కూడా పోయిందనుకున్నాడు. ఎండాకాలం ముంగిట హీటరు చేయమంటే మరేమనుకుంటాడు. ఎవరికోసమో కాగితం మీద రాసి చూపించాను. అప్పటికప్పుడే పనికి కూర్చున్నాడు. పాత ట్రాక్టరు రేడియేటరు ముక్క కోసి, రెండు పక్కల డబ్బాలు అతికి, నీ కొలతలకు తయారుచేశాడు. గాలి పట్టించి తొట్టిలో ముంచి చూశాం. ఒక్క బుడగ రాలేదు.

నేనే వచ్చి బిగించాల్సింది. కంటికి పొర తీశారు, తల వంచి పని చేయొద్దని డాక్టరు మాట. అందుకే మస్కి బస్సు డ్రైవరు శరణప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. మహాంతేశ్‌ను పిలిచి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ముందు ఇంజను చల్లారనిచ్చి నీళ్లన్నీ దించండి. పాత పైపులు గట్టిపడి ఉంటాయి, గుంజితే కొత్త కోరు మెడ విరుగుతుంది. బ్లేడుతో చీల్చి పారేసి కొత్తవి వేయండి. కోరు పెట్టెలో గలగల ఆడకుండా చుట్టూ మెత్తటి గుడ్డపట్టీ పెట్టండి. ఆడితే అతుకు ఊడుతుంది.

అంతా అయ్యాక హీటరు వేస్తే చల్లగాలే వస్తుంది. కంగారు పడకు. లోపల గాలి చిక్కి నీళ్లకు దారి ఇవ్వదు. బండిని మీ కాలువ గట్టు ఏటవాలు మీదికి తోలి, ముక్కు పైకి ఉండేట్టు నిలిపి, టైర్ల వెనక రాళ్లు పెట్టు. హీటరు మీట లాగి ఉంచు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి, ఆ తర్వాత స్టార్టు చెయ్యి. పైపును చేత్తో పిసుకుతూ ఉండు. గుడగుడమని గాలి బయటికి వచ్చి నీళ్లు దిగుతాయి. దిగినంత మళ్లీ పొయ్యి. రెండు పైపులూ సమంగా వేడెక్కితే పని అయినట్టే.

బాబు వెచ్చగా కూర్చున్నాడని రాసేదాకా నాకు నిద్ర పట్టదు.

సూగురేశ్


బాళగనూరు క్యాంపు
ఏప్రిల్

అన్నయ్యకు,

వేడి వచ్చింది. మొదటి మాట అదే రాయాలని ఆయన ఆర్డరు.

మహాంతేశ్ పొద్దుటే వచ్చి తల దించుకుని పని చేశాడు, ఈసారి ఏదీ నవ్వులాటగా తీసుకోలేదు. బండి గట్టెక్కించి ముక్కు ఎత్తి పెడితే, పొలాల్లో కలుపు తీసేవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. నేను పైపు పిసుకుతుంటే మీరు చెప్పినట్టే గుడగుడమంది. గట్టు కింద చెట్టు నీడన వేసిన మంచం మీద నుంచి ఈయన, "గేదెకి కడుపుబ్బరం తీసినట్టుందే" అని నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నిన్న రాయచూరు వెళ్లొచ్చాం. ఎండ మండిపోతోంది. బస్సుల్లో మనుషులు కిటికీల్లోంచి తలలు బయట పెట్టుకుని పోతున్నారు. మేం అద్దాలు ఎత్తుకుని, హీటరు వేసుకుని వస్తున్నాం. ఎదురొచ్చిన లారీవాడు మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు. తడి తువ్వాలు కల్మల దాకా కూడా ఆగలేదు, ఎండిపోయింది. చెమట కళ్లలో పడి మండుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన వణకలేదు అన్నయ్యా. కాళ్లు చాపుకుని నిద్రపోయారు. మళ్లీ ఎప్పుడు వెళ్లాలో తనే అడిగారు.

కింద తనే రాస్తానంటున్నారు, కాగితం ఇస్తున్నాను.

శివపార్వతి

ఒరే సూగురేశా, నీకు వినపడదు కాబట్టి అరిచినట్టుగా పెద్ద అక్షరాలతో రాస్తున్నా. బండి వెచ్చగా ఉంది. మా ఆవిడ ఆవిరి కుడుములా ఉడికిపోతూ నడుపుతుంటే నేను మహారాజులా కూచుంటున్నా. పాపం అనిపిస్తుంది గానీ ఆపమని అనబుద్ధి కాదు. కళ్లు బాగుచేసుకుని డిసెంబరులో రా. మండె మనిద్దరం కట్టి బండిలో పెడదాం. — రమేష్‌బాబు


బాళగనూరు క్యాంపు
మే

సూగురేశ్ అన్నయ్యకు,

మీ స్నేహితుడు వెళ్లిపోయారు. రాయచూరు నుంచి వస్తుంటే దారిలో. పెద్దకర్మకు రండి. స్ఫూర్తిని తోడు తెచ్చుకోండి, ఒంటరిగా రావద్దు.

శివపార్వతి


శక్తినగర్
జూన్

చెల్లెకు,

కర్మ నాడు నీతో మాట్లాడాలని వచ్చాను. అంతమందిలో నువ్వు ఏదో చెప్పబోయి, నా చెవుల సంగతి గుర్తొచ్చి ఆగిపోయావు. నేను అరుగు మీద కూర్చుని బండి వైపే చూస్తూ ఉన్నాను. ఎవరెవరో పెదాలు కదుపుతూనే ఉన్నారు.

నీ బిడ్డ సాహితి బండి దగ్గర నిలబడి ఏడుస్తూ అన్న మాట మాత్రం పెదాల మీద చదువుకున్నాను. "ఆ హీటరే లేకపోతే అమ్మకు వెంటనే తెలిసేది" అన్నది. అది నన్ను చూసి అనలేదు, నేనక్కడ ఉన్నట్టు కూడా దానికి తెలియదు. బిడ్డ మీద నాకు కోపం లేదు. కానీ అప్పటి నుంచి అన్నం సయిస్తలేదు. ఆ కోరు చేయించింది నేను. మూత తీసి గాలి వదిలే ఉపాయం దగ్గరి నుంచి అన్నీ రాసి పంపింది నేను.

దారిలో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. నువ్వు సరేనంటే వచ్చి హీటరు తీసేసి, ఆ రెండు పైపులూ కలిపేసి పోతాను. ఇంక నీ కళ్ల ముందు ఉండదు.

సూగురేశ్


బాళగనూరు క్యాంపు
జూన్ చివర

అన్నయ్యకు,

ఇది ఎవరికీ నోటితో చెప్పలేదు. సాహితికి కూడా సగమే చెప్పాను. మీకు రాయడం అలవాటైంది కాబట్టి రాయగలుగుతున్నాను.

ఆ రోజు మిషను మీద నుంచి లేచాక ఆయన మామూలుగానే ఉన్నారు. నా భుజం పట్టుకుని బండెక్కారు. కల్మల దగ్గర, "కిటికీ ఎత్తవే, గాలొస్తంది" అన్నారు. ఎత్తాను. అదే ఆఖరి మాట. తర్వాత తల పక్కకి వాల్చి కళ్లు మూసుకున్నారు. ఎప్పుడూ నిద్రపోయే చోటే కదా అనుకున్నాను.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. వచ్చే పంటకు ఏ రకం వడ్లు వేద్దామని అడిగాను. సాహితి అత్తగారి మీద చాడీలు చెప్పాను. గతుకులొచ్చినప్పుడు తల కొట్టుకోకుండా ఒక చేత్తో పట్టుకున్నాను. మెడ వెచ్చగా ఉంది. సిరవార దగ్గర ఆగి తువ్వాలు తడుపుకుని మళ్లీ ఎక్కినప్పుడు దుప్పటి సర్దాను. చేయి వెచ్చగా ఉంది. నిద్ర చెడగొట్టకూడదని లేపలేదు.

ఇంటి ముందు బండి ఆపి, "లేవండి, ఇల్లొచ్చింది" అన్నాను. లేవలేదు. మా పొలం పనికొచ్చే సుంకవ్వ దించడానికి సాయం వచ్చింది. ఆయన మొహం చూసి నేల మీద కూలబడింది. "అమ్మా, అయ్య లేడమ్మా" అంది. నేను దాన్ని తిట్టాను అన్నయ్యా. ఒళ్లు అంత వెచ్చగా ఉంటే లేడంటావేంటని చెయ్యెత్తాను కూడా. డాక్టరు వచ్చి చెప్పేదాకా ఆయన చేయి వదల్లేదు. నేను పట్టుకుని ఉండగానే అది మెల్లగా చల్లబడింది. అప్పుడు నమ్మాను.

ఎక్కడ పోయారో నాకు తెలియదు. కల్మలకీ ఇంటికీ మధ్య ఎక్కడో. నా మాటలు ఎంత దూరం విన్నారో తెలియదు. వెంటనే తెలిస్తే వెనక్కి తిప్పేదాన్నేమో, ఆస్పత్రికి చేర్చేదాన్నేమో, ఏమో. ఆ ఏమో నన్ను తినేస్తోంది. సాహితి అన్నది అబద్ధం కాదు. ఆ వేడే నన్ను మోసం చేసింది.

కానీ అన్నయ్యా, ఆ రెండు నెలలూ ఆయన వణకలేదు. చలికి భయపడి రానన్న మనిషి, పంచె మార్చుకుని నాకంటే ముందు బండి దగ్గర నిలబడేవారు. పోయేటప్పుడు కూడా చలితో పోలేదు. ఇవి నాకు మీరిచ్చినవి. ఆ కోరు తీయడానికి మాత్రం మా ఊరు రాకండి. తీయనివ్వను. అలాగని ఆ మీట ముట్టుకునే ధైర్యమూ నాకు లేదు. ఎలా ఉందో అలా ఉండనివ్వండి.

శివపార్వతి


శక్తినగర్
జూలై

చెల్లెకు,

నీ ఉత్తరం వాకిట్లో కూర్చుని చదివాను. స్ఫూర్తి పరుగున వచ్చి భుజం పట్టుకుంది. పక్క క్వార్టర్ల వాళ్లు కూడా బయటికి వచ్చి చూస్తున్నారు. అప్పుడు తెలిసింది, నేను గట్టిగా ఏడుస్తున్నానని. నా ఏడుపు నాకే వినపడదు.

తీయను. నువ్వన్నట్టే ఉండనీ. వారానికోసారి బండి స్టార్టు చేసి పెట్టు, లేకుంటే లోపల తుప్పు పడుతుంది.

సూగురేశ్


బాళగనూరు క్యాంపు
డిసెంబరు

సూగురేశ్ అన్నయ్యకు,

రెండో పంటకు కాలువ నీళ్లు వదులుతామన్నారు. ఆయన వేద్దామనుకున్న రకమే తెచ్చి మండె కట్టాను. మీ ఇద్దరి పని నేనొక్కదాన్నే చేశాను. మీ కంటికి మళ్లీ వాపని స్ఫూర్తి చెప్పింది కాబట్టి పిలవలేదు.

ఈ ఏడు చలి ఎక్కువ. బస్తాలు చల్లగా పడి ఉన్నాయి, మొలక లేదు. గింజ మురిగిపోతుందని సుంకవ్వ గోల. మహాంతేశ్ నన్ను అడగకుండానే బస్తాలు బండిలోకి ఎక్కించాడు. వెనక నాలుగు పట్టాయి. ఒకటి మిగిలితే చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. ఆయన సీటులోనే పెట్టమన్నాను.

మే నెల నుంచి ముట్టుకోని మీట. లాగాను. మీ కోరు చెక్కుచెదరలేదు, కాసేపటికే వెచ్చటి గాలి వచ్చింది. మధ్యమధ్యలో ఇంజను వేస్తూ ఆపుతూ రెండు రోజులు అలాగే ఉంచాం.

ఇవాళ పొద్దున ఆయన సీటులో ఉన్న బస్తా మూతి విప్పి లోపలికి చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. చేయి ఠక్కున వెనక్కి తీసేసుకున్నాను. ఆ వేడి నాకు తెలుసు అన్నయ్యా, సిరవార దగ్గర దుప్పటి సర్దినప్పుడు ఈ చేతికి తగిలింది అదే. బస్తా చచ్చిందో బతికిందో చూడకుండా మూతి కట్టేసి దిగిపోదామనుకున్నాను. కాళ్లు రాలేదు. ఇంజను ఆపి, అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. తర్వాత గుప్పెడు గింజలు పైకి తీసి వెలుతురులో పెట్టి, ఒక్కొక్కటీ చూశాను. ఈసారి వేడిని నమ్మలేదు, కళ్లతోనే చూశాను. ప్రతి గింజకీ తెల్లటి మొలక ఉంది.

రేపు నారుమడిలో చల్లుతున్నాం.

మీ చెల్లెలు
శివపార్వతి